మాస్టారిని నడవనిచ్చే చోటు

మా ఊళ్లో మా ఆయన్ని నడవనివ్వరు. పగబట్టి కాదు, ప్రేమకొద్దీ. ఆయన నర్సీపట్నం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇవాళ ఊళ్లో మోటారు సైకిలు నడిపే మగవాళ్లలో సగం మంది ఒకప్పుడు ఆయన ఈల వింటే పరుగందుకున్నవాళ్లే. అలాంటి మనిషి రోడ్డు వారన ఒంటరిగా నడుస్తూ కనబడితే వాళ్లు బండి ఆపకుండా ఉండలేరు. "మాస్టారండీ, నడిసెల్తన్నారేటండీ, ఎక్కీండి, దింపీస్తాను" అంటారు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఈయన ఎక్కేస్తారు.

గుండెకి స్టెంటు వేసేదాకా నాకు దీంతో పేచీ లేదు. విశాఖపట్నం ఆస్పత్రిలో డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. మందులు సగమే పని చేస్తాయి, మిగతా సగం నడక. రోజూ చెమట పట్టేలా నడవాలి. నడవకుండా కుర్చీలో కూలబడితే మళ్లీ ఇలాగే రావలసి వస్తుంది, రెండోసారి ఇంత వేళకి తీసుకురాగలరో లేదో ఎవరం చెప్పలేం అన్నాడు. ఆ ఆఖరి మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

మొదటిరోజు పొద్దున్నే తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని బయల్దేరారు. పెదబొడ్డేపల్లి దాకా వెళ్లొస్తానన్నారు. నేను స్టవ్ మీద పెట్టిన పాలు పొంగేలోపు ఎవరిదో స్కూటరు వెనక కూర్చుని తిరిగొచ్చారు. చేతిలో వేడివేడి ఇడ్లీ పొట్లం కూడా ఉంది. దింపినవాడు గుమ్మంలో నిలబడి, "అమ్మగారండీ, మాస్టార్ని ఒంటరిగా పంపించకండి, గుండె బాగోలేదు కదా" అని నాకే బుద్ధి చెప్పి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఇంకా చీకటుండగానే పంపించాను. పాల వ్యాను ఎక్కించుకొచ్చింది. కృష్ణదేవిపేట రోడ్డు వైపు వెళ్లమన్నాను, అటు ఎవరూ గుర్తుపట్టరని. షేర్ ఆటోవాడు గుర్తుపట్టాడు. ఆడవాళ్లని సర్దుకోమని చెప్పి మరీ చోటు చేసి కూర్చోబెట్టాడట, డబ్బులు కూడా తీసుకోలేదట. ఇలా కాదని నేనే పక్కన బయల్దేరాను, చూద్దాం ఎవడాపుతాడో అని. ఒకడు ఆపాడు. నేను కళ్లెర్రజేసి, "ఆయన నడవాల, డాక్టరు సెప్పాడు" అన్నాను. వాడు "అవునండి, నడవాలండి" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఫోను తీసి వాళ్ల తమ్ముణ్ణి ఇంకో బండి తెమ్మన్నాడు. మేమిద్దరం చెరో బండి మీదా ఇంటికొచ్చాం.

కాలేజీ గ్రౌండుకి వెళ్తే బండ్ల బాధ లేదు గానీ పరామర్శల బాధ. ఒక్క చుట్టు పూర్తికాకుండానే చుట్టూ మూగేవారు. ఎన్ని స్టెంట్లు, ఏ ఆస్పత్రి, ఎంతయింది. అక్కడితో ఆగినా సరే. వాళ్ల బావమరిదికి కూడా ఇలాగే స్టెంటు వేశారని, బాగానే తిరిగేవాడని, ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ పోయాడని చెప్పేవారు. అలా పోయిన వాళ్ల పట్టిక ఆ గ్రౌండులో అందరి దగ్గరా ఉంది. ఈయన తల ఊపుతూ వినేవారు, ఇంటికొచ్చి మంచం ఎక్కేవారు.

మెల్లమెల్లగా బూట్లు వేసుకోవడం మానేశారు. వరండాలో కుర్చీ వేసుకుని గేటు కేసి చూస్తూ కూర్చునేవారు. అరుపులు లేవు, ఆజ్ఞలు లేవు. ఆ గొంతు వీధి చివరికి వినబడేది ఒకప్పుడు. నేను ట్రెజరీలో గుమస్తాగా పనిచేసినదాన్ని, గంటలకొద్దీ కౌంటరు ముందు గొడవపడేవాళ్లని చూసినదాన్ని, నన్నెవరూ అంత తేలిగ్గా భయపెట్టలేరు. ఆ నిశ్శబ్దం భయపెట్టింది. రాజమండ్రిలో బ్యాంకులో పనిచేసే మా అమ్మాయి ఫోను చేసి "నాన్న నడుస్తున్నారా" అని అడిగినప్పుడల్లా నడుస్తున్నారనే చెప్పేదాన్ని.

చెకప్‌కి మళ్లీ విశాఖపట్నం వెళ్లినప్పుడు డాక్టరు గది బయట టీవీ ఉంది. శబ్దం లేదు, బొమ్మ మాత్రం తిరుగుతోంది. పెద్ద పచ్చిక మైదానం. ఒకడు కర్రతో బంతిని కొట్టి, దాని వెనకాల నడుచుకుంటూ పోతున్నాడు. పోతున్నాడు, పోతున్నాడు, ఎంతకీ నడక అవడం లేదు. జనం బోలెడంతమంది ఉన్నారు, తాడు కట్టి అవతల నిలబెట్టారు. ఒక్కడు పలకరించడు. ఒక్కడు దగ్గరికి రాడు. బంతి కొట్టేవేళకి అందరూ నోళ్లు మూసుకుని నిలబడ్డారు. పక్కన కూర్చున్న అబ్బాయిని అదేం ఆటని అడిగితే గోల్ఫ్ అన్నాడు. అందులో ఎంత నడుస్తారని అడిగితే పూటంతా నడుస్తారన్నాడు. నా మనసులో ఏదో తాళం తీసినట్టయింది. ఈ దేశంలో నడిచే మగాణ్ణి నడవనిచ్చే చోటు ఒకటుందన్నమాట.

బస్సులో తిరిగొస్తూ చెప్పాను. ఈయన కిటికీలోంచి చూస్తూ, "కర్రాబిళ్ళకి కోటు తొడిగినట్టుంది. ముసిలోళ్ల ఆట" అన్నారు.

"మీరేటి, కుర్రోరా?" అన్నాను. మాట్లాడలేదు. అంటే వద్దనలేదు. ముప్ఫయ్యేళ్లకి పైగా కాపురం చేశాను, ఆ మాత్రం తెలుసు.

ఆ రోజు నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాను. సిటీలో పెద్ద క్లబ్బు ఒకటుంది. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. వాళ్లు చెప్పిన మొత్తం వింటే రోలుగుంటలో జీడితోట కొనుక్కోవచ్చనిపించింది. అది కట్టినా వెంటనే రాదట, వరసలో చాలామంది ఉన్నారట, ఏళ్లు పట్టొచ్చట. మా ఆయన గుండె వరసలో నిలబడే గుండె కాదని ఆ అమ్మాయితో ఎలా చెప్పను? థాంక్స్ అమ్మా అని పెట్టేశాను. బీచి వైపు ఇంకొకటి ఉందన్నారు. ఫోను చేస్తే ఒకాయన చాలా సంబరంగా, "విల్లా కొంటే మెంబర్‌షిప్ ఫ్రీ మేడమ్" అన్నాడు. గేదెని కొంటే పలుపుతాడు ఊరికే ఇచ్చినట్టుంది. ఆ విల్లా ఆయన తర్వాత చాలాకాలం రోజూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపించాడు.

ఆఖరికి దారి చూపించినవాడు ఎవరనుకున్నారు? మా వీధి మొగలో ఎలక్ట్రికల్ షాపు అతను. మాస్టారి పాత శిష్యుడే. మాస్టార్ని బండెక్కించుకొచ్చినవాళ్లలో వీడిదే మొదటి స్థానం. ఫ్యాను రిపేరుకి పిలిస్తే వచ్చాడు. నేను కడుపులో ఉన్నదంతా వాడిమీద వెళ్లగక్కాను. మీరందరూ కలిసి ప్రేమతో ఆయన్ని చంపేస్తున్నార్రా అన్నాను. వాడు స్టూలు మీద నిలబడి తల దించుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "అమ్మగారండీ, అనకాపల్లి దాటాక సిటీ వైపు ఒక పాత కంపెనీ కాలనీ ఉందండి. నేను అక్కడ నీళ్ల మోటార్లు బిగించినానండి. మీరు సెప్తన్న ఆట అక్కడ ఆడతారండి. గడ్డి సగం ఎండిపోయుంటదండి. మెంబర్లు లేక, నీళ్లకి కూడా డబ్బుల్లేవని సెక్రటరీగారు ఏడుస్తుంటారండి" అన్నాడు.

"బయటోళ్లకి ఇస్తారా?"

"ఎవులొచ్చినా ఇచ్చీసేలాగున్నారండి."

మేం బయల్దేరేరోజు వాడు కారు పంపిస్తానన్నాడు. నేను చూసిన చూపుకి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. బస్సులోనే వెళ్లాం. మాకవరపాలెం, తాళ్లపాలెం, అక్కణ్ణుంచి హైవే, అనకాపల్లిలో దిగి ఆటో. దారంతా నాకు ఒకటే బెంగ. ఎవరి సిఫార్సూ లేకుండా వెళ్తున్నాం. సిఫార్సు లేకుండా రేషన్ కార్డే కదలదు, గోల్ఫ్ క్లబ్బు గేటు తెరుచుకుంటుందా? అందుకని ముందే తెలిసినవాళ్లందర్నీ అడిగి పెట్టుకున్నాను. మా తోడికోడలి అన్నగారికి తెలిసిన ఒక రిటైర్డ్ తహసీల్దారు పేరు గుర్తుపెట్టుకున్నాను. ఒక చేతిలో అరటిపళ్ల అత్తం, ఇంకో చేతిలో మిఠాయి డబ్బా.

క్లబ్బంటే పెంకుల ఇల్లు, దానికో పొడుగాటి వరండా. సెక్రటరీ అదే కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, సన్నగా, టోపీ పెట్టుకుని ఉన్నారు. "మా గురించి మీకెవరు చెప్పారండీ" అని అడిగారు. నేను వెంటనే తహసీల్దారుగారి పేరు చెప్పాను. ఆయనకా పేరు తెలీదు. మా తోడికోడలి అన్నగారి దాకా వెనక్కి వెళ్లాను. అదీ తెలీదు. ఆయన కాస్త కంగారుపడి, "అమ్మా, మీకెలా తెలిసిందని అడిగాను, అంతే. ఎవరూ చెప్పక్కర్లేదు. రావడమే పదివేలు" అన్నారు. మా ఆయన అరటిపళ్ల వైపు చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని తెలిసింది. ఆ నవ్వు చూసి చాలాకాలమైంది.

రిటైరైనవాళ్లకి, మామూలు రోజుల్లో మాత్రమే ఆడేవాళ్లకి ఒక రేటు ఉంది. ఏడాదికి కట్టేది మా ఇంటి కేబులుకీ ఇంటర్నెట్టుకీ కలిపి ఏడాదికి అయ్యేదానికంటే కొంచెం ఎక్కువ. నేను రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను. నెలకా ఏడాదికా అని మూడోసారి కూడా అడిగాను. అప్పుడు నేను వదిలిన ఊపిరికి బల్లమీద కాగితం ఎగిరే ఉంటుంది. కర్రలు క్లబ్బువే ఇస్తామన్నారు. "డబ్బు ఇప్పుడే కట్టకండి. కొన్నాళ్లు ఊరికే వచ్చి చూసుకోండి, మాస్టారికి నచ్చాలి కదా" అన్నారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా వరండా పక్కనుంచి చడీచప్పుడూ లేకుండా ఒక బండి వచ్చి ఆగింది. పైన చిన్న కప్పు, నాలుగు చక్రాలు, బ్యాటరీతో నడిచేది. దాన్ని నడిపే ఆయన దిగి, చేతులు కట్టుకుని, "పెద్దోరు, ఎండలో నడవలేరండి. ఎక్కండి బాబూ" అన్నాడు.

 ఇక నా నోరు ఆగలేదు. యాభై కిలోమీటర్లు బస్సులో పడి వచ్చింది మళ్లీ బండెక్కడానికా? నర్సీపట్నంలో ఈమాత్రం బండ్లు లేవా? మా మెంబర్‌షిప్‌కి ఒకటే షరతని చెప్పాను. ఎండైనా, వానైనా, ఆకాశం విరిగి మీద పడినా ఈయన్ని ఎవరూ బండెక్కమనకూడదు. సెక్రటరీగారు టోపీ తీసి తల గోక్కున్నారు. "ఇంతవరకూ మాతో గొడవపడినవాళ్లంతా బండి ఇవ్వలేదని గొడవపడ్డారమ్మా" అన్నారు. బండాయన మాత్రం పాపం, అరటిపండు ఇస్తే పుచ్చుకుని వెనక్కి తీసుకుపోయాడు.

అలా వారానికి మూడు రోజులు వెళ్లడం మొదలుపెట్టాం. డాక్టర్ని అడిగితే రోజూ సున్నా కంటే వారానికి మూడు నయమన్నాడు. సెక్రటరీగారే పక్కనుండి కర్ర ఎలా పట్టుకోవాలో నేర్పించారు. ఈయన స్కూల్లో హాకీ నేర్పిన మనిషి, బంతిని హాకీలాగే బాదేవారు. అది గాల్లోకి లేవకుండా నేలమీద పాములా పోయేది. అయినా వెళ్లి వెతుక్కోవాలి కదా, నాకు కావలసింది అదే. ఎంత వంకరగా కొడితే అంత నడక. నేను వరండాలో కూర్చుని వాళ్లిద్దరి తలలూ కనబడుతున్నంతసేపూ చూసేదాన్ని. బంతి పడాల్సిన గుంటలు అక్కడ తొమ్మిది. వాళ్లు రెండు మూడు గుంటల వరకూ వెళ్లి వెనక్కి వచ్చేవారు. ఎదురుగా మిట్ట, ఆ మిట్ట అవతల జీడిమామిడి చెట్లు. అటు ఎప్పుడూ వెళ్లలేదు.

ఒకరోజు సెక్రటరీగారు వరండాలోనే ఉండిపోయి, "మాస్టారూ, ఇవాళ మీరొక్కరే వెళ్లి తొమ్మిది గుంటలూ పూర్తి చేసి రండి" అన్నారు. ఈయన నాకేసి చూశారు. నేను వెళ్లమన్నట్టు తల ఊపాను. సంచి భుజాన వేసుకుని బయల్దేరారు. తెల్ల చొక్కా చిన్నదవుతూ, చిన్నదవుతూ, మిట్ట ఎక్కి అవతలికి దిగిపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఈయన నా కంటికి కనబడకుండా పోవడం అదే మొదటిసారి. కాసేపు బాగానే కూర్చున్నాను. సెక్రటరీగారు టీ తెప్పించారు, తాగాను. ఆయన ఏదో చెబుతున్నారు, నేను మిట్ట కేసే చూస్తున్నాను. ఎవరూ రావడం లేదు. ఫోను చేశాను. నా పక్కన కుర్చీలోనే మోగింది, ఆడేటప్పుడు ఫోను ఉండకూడదని ఇక్కడే పెట్టి వెళ్లారు. ఎంతసేపు పడుతుందండీ అని అడిగాను. ఇంకా టైముందమ్మా అన్నారు. ఎండ ముదిరింది. ఆ కాలేజీ గ్రౌండు మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. పళ్లు తోముకుంటూ పోయినవాడు, బస్సులో నిద్రపోతున్నాడనుకుంటే పోయినవాడు. అక్కడ చెట్ల కింద పడిపోయుంటే ఎవరు చూస్తారు? పలకరించేవాడు లేని చోటు కావాలని ఏరికోరి తెచ్చింది నేనే కదా.

లేచి నిలబడ్డాను. "బండి తియ్యమనండి" అన్నాను.

సెక్రటరీగారు నన్ను ఎగాదిగా చూశారు. ఒక్క మాట అనలేదు, ఆ మంచితనానికి ఆయనకి దండం పెట్టాలి. బండాయన వచ్చాడు. నేను ముందు సీట్లో కూర్చుని, "బేగి పోనీ నాయనా, బేగి" అంటూనే ఉన్నాను. మిట్ట ఎక్కాం. అవతల దిగాం. జీడిచెట్ల వరస వెంట పోతుంటే ప్రతి చెట్టు కిందకీ వంగి వంగి చూశాను.

చెట్లు దాటగానే కనబడ్డారు. నిలబడే ఉన్నారు. కాళ్లు ఎడంగా పెట్టి, బంతిమీద వంగి, కొట్టబోతూ ఉన్నారు. బండి చప్పుడు లేకపోయినా తెలిసిందో ఏమో, తల తిప్పి చూశారు. నన్ను చూశారు, బండిని చూశారు. కర్ర దించారు.

"నువ్వూ వచ్చీసినావేటే, బండేసుకుని" అన్నారు.

నేను దిగాను.  మొహమంతా చెమట, చొక్కా వీపుకి అంటుకుపోయింది, మనిషి ఎర్రగా, నిండుగా ఉన్నారు. బండాయనతో, "నువ్వెళ్లిపో బాబూ, మేం నడిసొస్తాం" అన్నారు. అతను వెళ్లిపోయాడు. ఇద్దరం మిగిలాం.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"నీమీదెందుకు కోపం. ఊరోళ్లని నువ్వు కోప్పడతంటే నాకు సిగ్గేసేది ఇన్నాళ్లూ" అని ఈయన చెట్టు నీడకి నడిచారు. నేనూ వెనక నడిచాను. "ఆళ్లు ఎక్కమన్నారని ఎక్కలేదే నేను. మొహమాటం కాదు. నాలుగడుగులేస్తే గుండె దడదడమనేది. ఆగిపోద్దేమో అనిపించేది. ఎవుడైనా బండి ఆపితే బాగుణ్ణని ఎనక్కి తిరిగి తిరిగి సూసేవాణ్ణి. నువ్వు ఆళ్లని తిడతంటే సెప్పలేకపోయాను. సెప్తే నువ్వు ఇంకా బయపడిపోతావని."

పిల్లల్ని ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తించిన మనిషి. నర్సీపట్నమంతా డ్రిల్లు మాస్టారని పిలిచే మనిషి. నాలుగడుగులకి భయపడి, ఆ భయాన్ని నాకు కనబడకుండా దాచుకుని, వచ్చిన ప్రతి బండీ ఎక్కారన్నమాట. నేనేమో ఊరందర్నీ తిట్టిపోశాను.

"ఇప్పుడో?" అన్నాను.

"ఇక్కడ ఎనక్కి తిరిగితే ఎవుడూ లేడు. ముందుకెళ్లడమే. ఆ మిట్ట దిగీటప్పుడు కాళ్లు వణికాయి. దిగీశాను. ఏటీ అవలేదు" అన్నారు. "రెండో మిట్ట కూడా ఎక్కీశాను. ఏటీ అవలేదే" అని మళ్లీ అన్నారు. ఈసారి పాత గొంతు, వీధి చివరికి వినబడేది.

నేను గడ్డిమీద కూలబడి ఏడ్చాను. ఇన్ని నెలలూ ఏడవనిదంతా ఏడ్చాను. ఎంత తేలికయిందో చెప్పలేను. నెత్తిమీద బిందె ఎవరో దించినట్టు మెడ కూడా తేలికయింది. ఈయన కాసేపు చూసి, చెయ్యి చాపి నన్ను లేపారు. అంతకుముందు ఆరు నెలలుగా కుర్చీలోంచి, మంచంమీంచి ఆయన్ని లేపింది నేను. ఆ చెయ్యి వెచ్చగా, చెమటతో తడిగా ఉంది.

మిగిలిన గుంటలన్నీ ఇద్దరం నడిచే పూర్తి చేశాం. నా మోకాళ్లు గోలపెట్టాయి, ఈయన ఆగలేదు. "సేతులూపు, సేతులూపు" అంటూ నన్నే నడిపించుకొచ్చారు. వరండాలో సెక్రటరీగారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. నేను ఏడాది డబ్బు కట్టేద్దామని పర్సు తెరవబోయాను. ఈయన నా చెయ్యి ఆపి, జేబులోంచి డబ్బు తీసి బల్లమీద పెట్టారు.

"ఉండవే" అన్నారు. "నా నడకకి నేను కట్టుకుంటాను."